పాలీల రాయి మీద మరిగే నీళ్ళు పోశాను, ఇంట్లో అందరికీ దగ్గు. ఏం చేయాలి?

శ్రీను_ఫ్రిస్కో | టెక్సస్ | శనివారం రాత్రి 9:12

నమస్తే. రెండేళ్ళుగా ఇక్కడ చదువుతూనే ఉన్నాను, రాయడం ఇది రెండోసారి. మాది 75 గాలన్ల ఉప్పునీటి అక్వేరియం ట్యాంక్, కోరల్స్ పెంచుతాం. ఒకాయన ట్యాంక్ తీసేస్తూ ఇచ్చిన రాయి మీద గోధుమరంగు పాలీలు (పాలిథోవాలు, రాయికి అతుక్కుని గుంపుగా పెరిగే మెత్తటి సముద్ర జీవులు) నాలుగైదు ఉండేవి. మూడేళ్ళలో రాయంతా అవే అయ్యాయి, పక్కనున్న హామర్ కోరల్ మీదికి కూడా పాకుతున్నాయి. ఇవాళ ఆ రాయి తీసి కిచెన్ సింక్‌లో పెట్టి, కెటిల్‌తో మరిగే నీళ్ళు రెండుసార్లు పోసి, పాత టూత్‌బ్రష్‌తో గీకాను. ట్యాంక్‌లో కలుపులా పెరిగే ఐప్టేసియా మీద వేడినీళ్ళు పోస్తే చస్తుందని ఎక్కడో చూసిన గుర్తు. వీటికీ అంతే అనుకున్నా.

ఆ పని సాయంత్రం నాలుగున్నరకి. ఆరింటికి నోట్లో ఇత్తడి చెంచా చప్పరిస్తున్నట్టు చేదు. ఏడింటికి పొడి దగ్గు, వణుకు. ఇప్పుడు జ్వరం 101.8. పక్కనే కూరలు తరుగుతున్న మా ఆవిడకీ దగ్గు మొదలైంది. మా అత్తగారు ఇండియా నుంచి వచ్చి నెలైంది, ఆవిడ ఒళ్ళంతా నొప్పులంటూ సోఫాలో దుప్పటి కప్పుకుని పడుకున్నారు. పాప మేడ మీద గదిలో ఉంది, తనకేమీ లేదు. ఇది ఫ్లూనేనా? రాయి ఇంకా సింక్‌లోనే ఉంది. కడిగి మళ్ళీ ట్యాంక్‌లో పెట్టొచ్చా?

ఉప్పునీటి_మామయ్య | న్యూజెర్సీ | 9:16

రాయి సంగతి తర్వాత. నలుగురూ ఇంట్లోంచి బయటికి వచ్చేయండి, ఇప్పుడే. వచ్చేటప్పుడు ఏసీ ఆపేయండి, సెంట్రల్ ఏసీ ఆ గాలినే పాప గదిలోకి తిప్పుతుంది. సింక్ జోలికి వెళ్ళొద్దు. మీరు కారు నడపొద్దు. పక్కింటివాళ్ళని లేపండి, ఎవరికైనా ఊపిరి ఆడకపోతే 911. దారిలో పాయిజన్ కంట్రోల్ వాళ్ళకి ఫోన్ చేయండి: 1-800-222-1222. పాపని కూడా తీసుకెళ్ళండి.

ఆసుపత్రిలో మొదటి మాటే “అక్వేరియం కోరల్ మీద మరిగే నీళ్ళు పోశాను, ఆవిరి పీల్చాం, పాలిటాక్సిన్ కావచ్చు” అని చెప్పండి. పాలిటాక్సిన్ అంటే ఆ పాలీల్లో ఉండే విషం. జ్వరం, దగ్గు అని మొదలుపెడితే మిమ్మల్ని ఫ్లూ వరుసలో కూర్చోబెడతారు.

ఐసీయూ_సుధ | ఒహాయో | 9:24

నేను ఐసీయూ డాక్టర్ని, ట్యాంక్ పిచ్చి మా వారిది. శ్రీను గారూ, ఇది చదువుతున్నారంటే ఇంకా ఇంట్లోనే ఉన్నట్టు. ముందు బయల్దేరండి, ఫోన్‌లో దారిలో చదువుకోండి.

ఒకే పూట, ఒకే వంటగదిలో ఉన్న ముగ్గురికి, చేదు నోటితో మొదలైన జ్వరం ఇది. ఫ్లూ ఇలా గంటల లెక్కన ముగ్గురినీ కలిపి పట్టదు. టైలినాల్ వేసుకుని పొద్దున చూద్దాం అనుకోకండి.

అక్కడి డాక్టర్‌కి ఈ పేరు కొత్త కావచ్చు, తప్పు పట్టాల్సింది కాదు, నేనూ మా ఇంట్లో ట్యాంక్ వచ్చాకే విన్నాను. పేరు కాగితం మీద రాసి చూపించండి. మన కణాల గోడల్లో సోడియంని బయటికి, పొటాషియంని లోపలికి తోసే పంపు ఉంటుంది. ఈ విషం ఆ పంపుని పట్టుకుని ఎత్తేసిన తూములా చేస్తుంది, అటువి ఇటు, ఇటువి అటు పారిపోతాయి. అందుకే కండరాలు, గుండె, ఊపిరితిత్తులు మూడింటి మీదా కన్ను వేయాలి. ఆక్సిజన్, ఈసీజీ, ఛాతీ ఎక్స్‌రే, రక్తంలో పొటాషియం, కిడ్నీల పని తెలిపే క్రియాటినిన్, సీకే చూడమని అడగండి. సీకే అంటే కండరం చెడితే రక్తంలోకి వచ్చే ఎంజైమ్. మూత్రం డికాక్షన్ రంగులో వస్తే వెంటనే నర్సుకి చెప్పండి, అది కిడ్నీ మీదికి వచ్చే వ్యవహారం. దీనికి విరుగుడు మందంటూ లేదు. ఆక్సిజన్, సెలైన్, ఊపిరి గొట్టాలు బిగుసుకుంటే నెబ్యులైజర్, ఇలా ఏది చెడితే దాన్ని కాచుకుంటూ ఉండటమే వైద్యం.

శ్రీను_ఫ్రిస్కో | 9:31

వెళ్తున్నాం. పక్కింటాయన కారు.

గట్టుమీది_రాజు | ఫీనిక్స్ | 10:05

పాపం ఆయన్ని ఎందుకండీ అంతలా భయపెట్టడం? 15 ఏళ్ళుగా పాలీలు, వాటి చుట్టాలైన జోవాలు వట్టి చేతుల్తో కోసి ముక్కలు పెంచుతున్నాను, నవలలు రాసేంత అనుభవం. నాకు తుమ్ము కూడా రాలేదు. ఈ పాలిటాక్సిన్ గోల ఇంటర్నెట్ పెంచి పోషించిన బూచి. అందరం దీన్ని ముట్టుకుంటూనే ఉన్నాం కదా?

ఉప్పునీటి_మామయ్య | 10:40

రాజు గారూ, మీకేమీ కాలేదంటే నమ్ముతాను. పేచీ అక్కడ కాదు. పాలీలన్నీ ఒకటి కావు. వాషింగ్టన్ డి.సి. చుట్టుపక్కల షాపుల్లో కొన్న వాటిని శాస్త్రవేత్తలు పరీక్షించి 2011లో అచ్చువేశారు. కొన్నిట్లో విషం దొరకనే లేదు. ఒక రకం పాలిథోవాలో మాత్రం గ్రాముకి 0.5 నుంచి 3.5 మిల్లీగ్రాముల దాకా ఉంది. గ్రాముకి మిల్లీగ్రాములంటే విషాల లెక్కలో బస్తాల కింద లెక్క. అసలు ఆ పరీక్ష మొదలైందే ఒకాయన శ్రీను గారిలాగే వేడినీళ్ళు పోసి ఆసుపత్రి పాలైతే. పదిహేనేళ్ళూ మీ చేతికి వచ్చినవి మొదటి రకం అయి ఉంటాయి.

కళ్ళతో చూసి చెప్పడం కుదరదు. రంగురంగుల చిన్న జోవాలకంటే, ఇసుక రేణువులు ఒంట్లో పొదుగుకున్నట్టు గరుకుగా, లావు కాడతో, గోధుమ, పచ్చ రంగుల్లో ఉండే పాలిథోవాల మీద అనుమానం ఎక్కువ పెట్టుకోవాలి, అంతే. షాపువాడు పెట్టిన ముద్దుపేర్లు చూసి ఏదీ తేల్చలేం.

ఇంగ్లండ్‌లో ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోని స్టీవెంటన్‌లో 2018 మార్చిలో ఒకాయన ట్యాంక్ రాళ్ళు కడిగితే ఇంటిల్లిపాది ఆరుగురు, వాళ్ళకోసం వచ్చిన నలుగురు ఫైర్ సిబ్బంది కలిపి పదిమంది ఆసుపత్రికెళ్ళారు. అలాస్కాలో యాంకరేజ్‌లో 2012 నుంచి 2014 మధ్య షాపుల్లోనూ ఇళ్ళలోనూ పదిమంది. బూచి కాదండీ ఇది.

ఫ్రాగ్_భాను | మెల్‌బోర్న్ | 10:58

రాజన్నా, “ముట్టుకుంటూనే ఉన్నాం” అన్నావు చూడు, ముట్టుకోవడం వేరు, మరిగించడం వేరు. ఈ విషం వేడికి చావదు. మామూలుగా జిగురులోనూ కండలోనూ కదలకుండా పడి ఉండేదాన్ని నువ్వు ఆవిరి తుంపర్లకెక్కించి ముక్కులోకి పంపిస్తున్నావు. బ్రష్‌తో గీకడమూ, ప్రెషర్ పైపుతో కొట్టడమూ, లేజర్‌తో కాల్చడమూ అదే కథ. మైక్రోవేవ్‌లో పెట్టినవాళ్ళూ ఉన్నారు.

శ్రీను_ఫ్రిస్కో | ఆదివారం ఉదయం 6:50

బతికే ఉన్నాం. ముగ్గురినీ ఉంచేశారు. పాప బాగుంది, పక్కింటివాళ్ళ దగ్గర నిద్రపోతోంది.

ట్రయాజ్‌లో (ఎవరిని ముందు చూడాలో తేల్చే చోట) నర్సుకి “పాలిటాక్సిన్” అంటే “పామ్ ఆయిలా?” అంది. సుధ గారు చెప్పినట్టు పార్కింగ్ రసీదు వెనకాల రాసి చూపించాను. మొదట వచ్చిన డాక్టర్ వైరల్ అనేశాడు, ముక్కులో పుల్ల పెట్టి కోవిడ్, ఫ్లూ రెండూ చూశారు, రెండూ లేవు. తర్వాత ఆయనే ఫోన్‌లో ఏదో చదువుకుని వచ్చి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు, మళ్ళీ మొదట్నుంచి చెప్పమన్నాడు. పాయిజన్ కంట్రోల్ వాళ్ళతో కూడా ఆయనే మాట్లాడాడు.

నా సీకే 1,900. మా ఆవిడది కొంచెమే పెరిగింది. అత్తగారికి రాత్రి రెండింటికి ఆక్సిజన్ 89కి పడింది, ముక్కులో గొట్టం పెట్టారు. 66 ఏళ్ళావిడ. “బాబూ, సింక్‌లో ఆ కంపేమిటి అని అప్పుడే అడిగాను కదా” అన్నారు. నిజమే, అడిగారు. చేపల నీళ్ళు అలాగే ఉంటాయండీ అన్నాను.

ఐసీయూ_సుధ | 7:15

1,900 అంటే సెలైన్ పెట్టి ఊరుకోరు, ఆరేడు గంటలకోసారి మళ్ళీ చూస్తారు. ఇంకా పెరిగినా కంగారు పడొద్దు, కండరం దెబ్బతిన్నాక సీకే ఒకటి రెండు రోజులు పెరిగి దిగుతుంది. అత్తగారికి ఆస్తమా, బీపీ మందులు ఏమైనా ఉంటే ఇండియా మాత్రల స్ట్రిప్పులే తెప్పించి చూపించండి, పేర్లు గుర్తుచేసుకుంటూ కూర్చోవద్దు.

మల్లేశ్_కూకట్‌పల్లి | హైదరాబాద్ | 8:30

అన్నా, చదువుతుంటే చేతులు వణుకుతున్నయ్. నా దగ్గర చిన్న నానో ట్యాంక్, రెండు జోవా ఫ్రాగులు (కోసి ఇచ్చిన ముక్కలు) ఉన్నయ్, తెలిసినాయన ఇచ్చిండు. ఇంట్ల నాలుగేండ్ల పోరడు. ఇప్పుడు ట్యాంక్ మొత్తం తీసెయ్యాలెనా? ఇంకోటి, ఇవి మన దగ్గర పెట్టుకోవచ్చా అసలు?

నిర్వాహకుడు | 9:05

మల్లేశ్, రెండో ప్రశ్నకి నేను చెబుతా. ఇక్కడ ఇండియాలో కోరల్స్ అమ్మకాల పోస్టులు ఎందుకు తీసేస్తామో కూడా తెలుస్తుంది. 1972 వన్యప్రాణి రక్షణ చట్టంలో రాతి కోరల్స్ అన్నీ, నల్ల కోరల్, ఆర్గన్ పైప్, ఫైర్ కోరల్, సీ ఫ్యాన్లు షెడ్యూల్ 1లో ఉన్నాయి. పులి ఉన్న షెడ్యూలే. 2001 నుంచి ఇంతే. జోవాలు రాతి కోరల్స్ కావు, ఆ వరుసలో లేవు. కానీ అవి అతుక్కుని వచ్చే తెల్ల రాయి చాలాసార్లు చచ్చిన రాతి కోరలే. అక్కడ దొరికిపోతారు. ఎక్కడిదో చెప్పలేని రాయి ఇంట్లోకి రానివ్వొద్దు.

ఫ్రాగ్_భాను | 9:40

మొదటి ప్రశ్నకి నేను. తీసెయ్యక్కర్లేదు తమ్ముడూ. నీళ్ళలో తన మానాన తానున్న జోవా లేచొచ్చి ఎవర్నీ కరవదు. పిల్లాడి చెయ్యి ట్యాంక్‌లోకి వెళ్ళకుండా మూత, కుర్చీ ఎక్కినా అందని ఎత్తు, ఇవి చూసుకో. నీళ్ళు మార్చేటప్పుడు పైపు నోటితో పీల్చే అలవాటుంటే ఇవాళ్టితో మానెయ్యి.

అసలు పని కోసేటప్పుడే. నేను ఎనిమిదేళ్ళుగా కోస్తున్నాను, ఎలా చేస్తానో రాస్తాను, ఎవరికైనా పనికొస్తే సరే.

పని పెరట్లో, గాలి నా వీపు వైపునుంచి వీచేలా కూర్చుని. వంటింట్లో ఎప్పుడూ కాదు. మోచేతిదాకా వచ్చే నైట్రైల్ గ్లవ్స్, ఒకదానిమీద ఒకటి రెండు జతలు. కళ్ళకి ఈతకొట్టేవాళ్ళు పెట్టుకునేలాంటి, చుట్టూ మూసుకునే గాగుల్స్. మామూలు కళ్ళజోడు చాలదు. ఎందుకంటే పాలీని గిల్లగానే అది ముడుచుకుంటూ పిచికారీలా నీళ్ళు చిమ్ముతుంది. ఓసారి నా గాగుల్ అద్దం మీద సరిగ్గా ఎడం కన్ను ఎదురుగా పడింది, పల్చటి జిగురు, కోడిగుడ్డు తెల్లసొనలా కారింది. అద్దం లేకపోయి ఉంటే కార్నియా (కంటి ముందు పొర) మీద పడేది. అలా కంట్లో పడి పుండై చూపు మసకబారినవాళ్ళు ఉన్నారు. పడితే కనీసం పావుగంట ధారగా కడుక్కుని నేరుగా కంటి డాక్టర్ దగ్గరికే.

వెడల్పాటి టబ్‌లో ట్యాంక్ నీళ్ళే పోసి రాయిని మునిగేలా పెడతాను. కోత మొత్తం నీళ్ళ కిందే. పాలీని పాలీగా గీకి తీయను. కింద రాయినే బోన్ కటర్‌తో నొక్కి, చిన్న పెచ్చుతో సహా ఊడగొడతాను. మొక్కని వేరు మట్టితో తీసినట్టు. కండ తెగకపోతే విషం పెద్దగా బయటపడదు. రంపం మాత్రం వాడను. డైమండ్ బ్లేడ్ తిరుగుతుంటే నీటి తుంపర మొహం మీదికే వస్తుంది, చూడటానికి ముచ్చటగా ఉంటుంది కానీ ఆ మబ్బులో నిలబడాలని లేదు. ఎన్95 వేసుకుంటాను, దాన్ని నమ్ముకుని మాత్రం ఏ పనీ చెయ్యను.

చేతికి చిన్న కోత ఉన్నా ఆ రోజు పని లేదు. తెగిన ముక్కల్ని ఇంకో బకెట్‌లో రెండు నీళ్ళు జాడించి, జెల్ గ్లూతో ప్లగ్ అనే చిన్న దిమ్మకి అతికించి అప్పుడు ట్యాంక్‌లోకి. ట్యాంక్‌లో ఆ వారం నీళ్ళలో చెడుని పీల్చే కార్బన్ కొత్తది వేస్తాను. టబ్‌లో మిగిలిన నీళ్ళని పారబోసే ముందు బ్లీచ్ కలిపి వదిలేస్తాను.

గట్టుమీది_రాజు | 11:20

సరేనమ్మా, ఒకటి ఒప్పుకుంటా. నాలుగేళ్ళ కిందట గోరు పక్కన చర్మం లేచి ఉండగా కోశాను. రెండు రోజులు వేలు మొద్దుబారి, పెదాలు కూడా జివ్వుమన్నాయి. ఉప్పునీళ్ళకి నాని అలా అయిందనుకున్నా. తుమ్ము రాలేదన్నది నిజమే కానీ.

ఐసీయూ_సుధ | 11:26

పెదాలు జివ్వుమన్నాయా! రాజు గారూ, అది ఉప్పునీళ్ళ పని కాదు.

విశాఖ_కెరటం | విశాఖపట్నం | మధ్యాహ్నం 12:10

మా బీచ్ మాటొకటి చెప్పనివ్వండి. ఆటు సమయంలో తెన్నేటి పార్కు కింద రాళ్ళ మీదికి దిగితే, ఇసుకరంగు పరుపు పరిచినట్టు పాలిథోవాలు, పక్కనే పచ్చ బొత్తాల్లా జోవాలు కనిపిస్తాయి. ఎండలో ముడుచుకుని తోలులా ఉంటాయి, ఎవరూ పట్టించుకోరు. మా స్కూల్ పిల్లల్ని తీసుకెళ్ళినప్పుడు రెండే చెబుతాను. తొక్కొద్దు, గిల్లి ఆ చెయ్యి కళ్ళకి పెట్టుకోవద్దు. ఆ రాళ్ళు పెకిలించి సీసాల్లో తీసుకెళ్ళే కాలేజీ కుర్రాళ్ళని చూసి చాలాసార్లు అరిచాను కూడా.

ఈ విషం కథ మొదలైందీ ఇలాంటి రాళ్ళగుంటలోనే. హవాయిలో మావీ దీవి మీద హానా ఊరి దగ్గర ఒక గుంటలో పెరిగేదాన్ని అక్కడివాళ్ళు ‘హానా మృత్యుపాచి’ అనేవారు, ఈటె మొనలకి పూసేవారు, బయటివాళ్ళకి చోటు చెప్పేవారు కాదు. జనాన్ని తినే సొరచేప మనిషిని కాల్చి ఆ బూడిద గుంటలో పోశారని, అప్పట్నుంచి పాచికి విషం పట్టిందని వాళ్ళ కథ. 1961 డిసెంబరు 31న పరిశోధకులు ఆ గుంట కనిపెట్టి నమూనా తీసుకున్నారు. అదే రోజు హవాయిలోనే కోకోనట్ ఐలాండ్‌లోని సముద్ర జీవశాస్త్ర ప్రయోగశాల కాలిపోయింది! శాపం అనను, యాదృచ్ఛికం అనడానికీ నోరు రాదు. 1971లో మూర్, ష్యూయర్ విషాన్ని వేరుచేసి చూపించారు. పాచి కాదు, పాలిథోవా అని అప్పటికి తేలింది.

శ్రీను_ఫ్రిస్కో | మంగళవారం సాయంత్రం 5:30

నేనూ మా ఆవిడా డిశ్చార్జ్. నా సీకే 3,400 దాకా వెళ్ళి దిగుతోంది. అత్తగారు ఇంకో రెండు రోజులు. ప్రస్తుతం స్నేహితుడింట్లో ఉంటున్నాం.

ఆ రాయి సింక్‌లోనే ఎండిపోయి ఉంటుంది. ఎండితే విషం పోతుందా? ఇంకోటి, నవ్వకండి, ఆ కెటిల్‌లో మళ్ళీ టీ పెట్టుకోవచ్చా?

ఉప్పునీటి_మామయ్య | 6:02

నవ్వం. కెటిల్ పారేయండి, కొత్తది పాతిక డాలర్లు.

ఎండితే పోదు. ఎండిన దాన్ని కదిపితే పొడి లేస్తుంది, అది ఇంకా చెడ్డది. మీరిద్దరూ ఆ వంటింట్లోకి వెళ్ళొద్దు, ఊపిరితిత్తులు ఇప్పుడే తేరుకుంటున్నాయి. ప్రమాదకర పదార్థాలు శుభ్రం చేసేవాళ్ళని డబ్బిచ్చి పిలవడం నా మొదటి సలహా. లేదు, స్నేహితుడే చేస్తానంటే ముందు పాయిజన్ కంట్రోల్ వాళ్ళని అడిగి, ఇలా చేయించండి.

కిటికీలన్నీ తెరిచి ఓ గంట ఆగాలి. గ్లవ్స్, గాగుల్స్, మాస్కు, తర్వాత విప్పి ఉతికేసే పాత బట్టలు. వాసన కలపని మామూలు బ్లీచ్ ఒక వంతు, చల్లటి నీళ్ళు పది వంతులు, అప్పటికప్పుడు కలిపింది. సింక్ తూము మూసి, రాయి మీద ఎత్తునుంచి కాకుండా అంచు పక్కనుంచి మెల్లగా పోస్తూ మునిగేదాకా నింపాలి. అరగంట తక్కువ కాదు, నేనైతే రాత్రంతా ఉంచుతాను, చచ్చిన కండ బ్లీచ్‌ని తినేస్తుంది. గట్టు, కుళాయి, పక్కన టైల్స్ మీద అదే ద్రావణంలో తడిపిన పేపర్ టవల్స్ పరిచి ఉంచి, తడిగానే తీయాలి. పొడిగుడ్డతో తుడవద్దు, వాక్యూమ్ పెట్టొద్దు. రాయి, బ్రష్, టవల్స్ అన్నీ రెండు కవర్లలో మూటకట్టి చెత్తలోకి.

మన ట్యాంక్ వాళ్ళందరి సింక్ కింద వెనిగర్ సీసా ఉంటుంది, పంపులు కడగడానికి. బ్లీచ్ తీసే ముందు దాన్ని గ్యారేజ్‌లో పెట్టి రమ్మనండి. రెండూ కలిస్తే క్లోరిన్ గ్యాస్, ఇంకో ఆసుపత్రి ప్రయాణం.

మల్లేశ్_కూకట్‌పల్లి | 7:10

మామయ్యా, నేను గ్లవ్స్ తెచ్చుకున్న. డబ్బాల వంద వచ్చినయ్, మా అమ్మ పచ్చిమిరపకాయలు కోసేటందుకు సగం తీసుకున్నది.

శ్రీను_ఫ్రిస్కో | రెండు వారాల తర్వాత, ఆదివారం

ఆలస్యంగా రాస్తున్నాను. చివరికి డబ్బిచ్చే శుభ్రం చేయించాం, ముగ్గురు తెల్ల సూట్లలో వచ్చారు, వీధంతా తలుపులు తీసి చూసింది. అత్తగారికి మెట్లెక్కితే ఇంకా ఆయాసం వస్తోంది, ఇన్‌హేలర్ ఇచ్చారు, ఇండియా వెళ్ళే టికెట్ నెల రోజులు వాయిదా వేశాం. ట్యాంక్ ముందు కూర్చుని చూస్తున్నారు, తీసేయమనట్లేదు. “చంపాలనుకున్నప్పుడు అది మాత్రం ఊరుకుంటుందా” అన్నారు నిన్న.

ఒక సంగతి అడగాలి. లైట్లు ఆరే ముందు టార్చ్ వేసి చూస్తే హామర్ అడుగున రెండు పాలీలు కనిపించాయి. అవే, గోధుమరంగువి. ఈసారి ముందు అడుగుతున్నాను.

ఫ్రాగ్_భాను | 8:15

రెండే అయితే సులువు. హామర్‌ని బయటికి తీయొద్దు, గీకొద్దు, గిల్లొద్దు. గ్లవ్స్, గాగుల్స్ వేసుకుని, కోరల్స్‌కి వాడే ఎపాక్సీ ముద్ద వేలితో కలిపి నీళ్ళలోనే వాటి మీద టోపీలా కప్పి, అంచులు రాయికి అదిమేయండి. ముందు ఒకసారి పైన నీళ్ళు ఊపితే ముడుచుకుంటాయి, అప్పుడు కప్పండి. వెలుగు లేక లోపలే పోతాయి. ఆ రోజు స్కిమ్మర్ (నీళ్ళలో మురికిని నురగగా తీసే పరికరం) నురగ బాగా కడుతుంది, కప్పు పొంగుతుంది, ఎపాక్సీకి అది మామూలే. కార్బన్ మార్చండి.

శ్రీను_ఫ్రిస్కో | 8:21

ఎపాక్సీ, గాగుల్స్ ఆర్డర్ పెట్టాను. కెటిల్ కూడా.